రోజుకు నాలుగుసార్లు తప్పిపోయే మనిషి

మా ఆఫీసులో ఒకాయన రోజుకు నాలుగుసార్లు తప్పిపోయేవారు. ఆఫీసంటే అదేమంత పెద్దది కాదు. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన రెండున్నర గదులు. ఆ అర గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఆయన. అక్కణ్ణుంచి నా బల్లకి పద్నాలుగు అడుగులు. ఆ పద్నాలుగూ పొల్లుపోకుండా నడిచి వచ్చి, నా వెనక నిలబడి, గొంతు సవరించుకుని, "అమ్మా, మళ్ళీ తప్పిపోయాను," అనేవారు.

వయసు అరవై మూడు. మనిషి సన్నం, చొక్కా వదులు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ఎవరికీ ఒక్క పాఠమైనా చెప్పిన పాపాన పోలేదు గానీ ఆఫీసులో అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. నాకెందుకో ఆ పిలుపు నోరు తిరగలేదు. బాబాయి గారూ అనేదాన్ని.

ఆయన తప్పిపోయేది వీధుల్లో కాదు, పుస్తకంలో. చదివేవాడే హీరో అయ్యే పుస్తకాలు మీలో కొందరు చిన్నప్పుడు చూసే ఉంటారు. ఒకటో పేరా దగ్గర మొదలుపెడతాం. కోట గుమ్మం ముందు నిలబడి ఉన్నావు, తలుపు తడితే 87కి వెళ్ళు, గోడ ఎక్కితే 212కి వెళ్ళు అని ఉంటుంది. గోడ ఎక్కుతాం. 212లో రాక్షసుడు మనల్ని తినేసి, ఇక్కడితో నీ కథ ముగిసింది అంటాడు. చచ్చినవాళ్ళం బుద్ధిగా ఒకటికి తిరిగి రావాలి. ఎవరూ రారు. ముందే పాత పేజీలో ఒక వేలు దాచుకుని ఉంటారు కాబట్టి, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చి తలుపు తడతారు.

అలాంటి పాత పుస్తకాల్ని ఫోనులో ఆడుకునే ఆటలుగా మార్చడం మా కంపెనీ పని. కంపెనీ మొత్తం నలుగురం. యజమానిని చాటుగా గడువు గారు అనేవాళ్ళం. గడువు అనే మాట లేకుండా ఆయన నోట ఒక వాక్యం నేను వినలేదు. జలుబు చేస్తే దానికి కూడా శుక్రవారం గడువు పెట్టేవారు. బొమ్మలు గీసే అమ్మాయి ఉండేది, చెవుల మీద డిప్పల్లాంటి హెడ్‌ఫోన్లతో. ఆఫీసుకు నిప్పంటుకున్నా ముందు ఆ రంగు బాగుందనుకునే రకం. మూడోదాన్ని నేను. పుస్తకంలో ఉన్న నాలుగువందల పేరాల్లో ఏ దారి ఎక్కడికి వెళుతుందో ఆ అంకెలన్నీ కంప్యూటరుకు ఎక్కించేదాన్ని.

నేను ఎక్కించిన దారులన్నీ నడిచి చూసేది బాబాయి గారు. ఎదురుగా ఆట, చేతిలో పుస్తకం. ఆటలో తలుపు తీసి, పుస్తకంలోనూ తలుపు తీసి, రెండూ ఒకే గదిలోకి వెళ్ళాయా లేదా అని సరిచూడాలి. దారి చీలిన ప్రతిచోటా ఒక వేలు పెట్టి ముందుకు వెళ్ళేవారు. మధ్యాహ్నానికి పది వేళ్ళూ పది పేజీల్లో ఇరుక్కుపోయేవి. ఇక ఆ మనిషి ఫోను ఎత్తలేరు, తలుపు తీయలేరు. మోచేత్తో తలుపు నెట్టుకుని వచ్చి, "అమ్మా, ఒక్కసారి ఈ కళ్ళద్దాలు పైకి నెట్టండి," అని మొహం ముందుకు చాపేవారు. ఒకరోజు బొమ్మల అమ్మాయి జాలిపడి ఆయన టీ కప్పులో ఒక స్ట్రా వేసి వెళ్ళింది. దాంతో మూతి కాలింది గానీ ఆయన ఒక్క వేలు కూడా తీయలేదు. తీస్తే వంతెన దగ్గరికి మళ్ళీ మొదటినుంచి నడవాలట.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేనూ మా అక్కా ఒకే గదిలో, ఒకే దుప్పటికోసం కొట్టుకుంటూ ఇరవై నాలుగేళ్ళు పెరిగాం. అక్కకి పెళ్ళయి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా నేను ఈ ఉద్యోగం పట్టుకుని, ఎవరూ తెలియని చోట ఒక గది అద్దెకు తీసుకున్నాను. పక్కన ఎవరూ గురక పెట్టకపోతే నాకు నిద్ర పట్టదని అప్పటిదాకా నాకే తెలియదు. మూడు నెలలపాటు కళ్ళు తెరుచుకుని నిద్రపోతూ ఆఫీసుకు వెళ్ళాను. చేరిన మొదటిరోజే గడువు గారు కూర్చోబెట్టి, నాకంటే ముందున్నతన్ని పదకొండు తప్పులు చేసినందుకు పంపించేశానని, నవ్వుతూనే చెప్పారు.

మొదటిసారి బాబాయి గారు తప్పిపోయింది రెండో వారంలో.

"ఎక్కడ తప్పిపోయారండీ?" అన్నాను.

"నేలమాళిగ తలుపు తీశానమ్మా. తీస్తే పడవలో ఉన్నాను. నది మధ్యలో."

నా తెర మీద చూసుకున్నాను. 231 అని కొట్టాల్సిన చోట నిద్రమత్తులో 213 కొట్టాను. ఆయనకి మాత్రం తెలియనివ్వకూడదనుకున్నాను. మీరే ఎక్కడో పేజీ తప్పు తిప్పి ఉంటారు, వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి, ఈలోపు నేను చూస్తానని కాస్త విసుగ్గా అన్నాను. ఆయన అటు వెళ్ళగానే తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా అంకె దిద్దేశాను. తిరిగొచ్చాక, ఇప్పుడు తీయండి తలుపు అన్నాను. తీశారు. నేలమాళిగే వచ్చింది. "నాదే పొరపాటమ్మా. కళ్ళు మసకలు," అని ఆయన వెళ్ళిపోయారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అక్కణ్ణుంచి మొదలు. మంత్రగాణ్ణి చంపేశాక అతనే ఎదురొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాడనేవారు. చచ్చిపోయి రెండు పేరాలైనా ఇంకా మెట్లెక్కుతూనే ఉన్నాననేవారు. ఒకరోజు గుర్రమెక్కాను, దిగేసరికి అది వంటమనిషి అయిందన్నారు. ప్రతిసారీ నేను ఆయన్ని నీళ్ళకో టీకో పంపించడం, తప్పుంటే అంకె దిద్దుకోవడం, ఆయన కళ్ళని ఆయనే తిట్టుకోవడం. పోనుపోను అంకె సరిగ్గానే ఉన్నా ఆయన తప్పిపోవడం మాత్రం పెరిగి రోజుకు నాలుగుసార్లకి చేరింది, దాంతో కళ్ళే మసకలని నేనూ నమ్మేశాను. ఈ వయసులో ఈ ఉద్యోగం మీకెందుకు బాబాయి గారూ, ఇంటికి తాళం వేసి బయల్దేరినవాళ్ళు ఆఫీసుకు ఎలా చేరుతున్నారు అని ఏడిపించేదాన్ని. బస్సు నంబరు ఒకటే కదమ్మా, నాలుగువందలు లేవు కదా అనేవారు.

నిజానికి వీధుల్లో ఆయన్ని మించిన దారి తెలిసినవాడు లేడు. ఒకసారి కాగితాల పనిమీద ఇద్దరం బయటికి వెళితే, నేను ఎన్నడూ చూడని సందుల్లోంచి, ఎవరిదో పెరట్లోంచి, పావుగంటలో తీసుకెళ్ళి తీసుకొచ్చారు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. పైగా పరోపకారానికి పోయి, కళ్ళ డాక్టర్ల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చాను. పాపం వెళ్ళి చూపించుకుని వచ్చారు. కొత్త అద్దాలు అక్కర్లేదన్నారమ్మా అన్నారు. ఆ డాక్టరు మీద నాకు నమ్మకం లేదనేశాను.

ఆయన రోజూ సాయంత్రం గడువు గారికి ఒక తప్పుల పట్టిక ఇవ్వాలి. ఏ దారిలో ఏ తప్పు దొరికింది, ఎవరు దిద్దాలి అని. అది రోజూ ఖాళీగానే వెళ్ళేది. కింద చక్కటి దస్తూరీతో ఒక సంతకం మాత్రం ఉండేది. ఒక్క తప్పు పట్టనివాణ్ణి తప్పులు పట్టడానికి పెట్టుకున్నానేమిటి అని గడువు గారు గోడలకి చెప్పుకునేవారు.

వర్షాకాలంలో ఒకసారి జ్వరమొచ్చి రెండురోజులు ఆయన రాలేదు. ఆ రెండురోజులూ ఆఫీసులో నా పేరు ఎవరూ పిలవలేదు. బొమ్మల అమ్మాయి చెవులు ఆమె దగ్గర లేవు. గడువు గారు ఫోనులో ఉన్నారు. నేను ఎప్పటిలాగే గోడవైపు తిరిగి డబ్బా విప్పి తిన్నాను, మూత పెట్టాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడకపోతే, బస్సు దిగేటప్పుడు అడగక్కర్లేకపోయినా కండక్టరుని ఇది ఏ స్టాపు అని అడిగాను.

మర్నాడు ఆదివారం, పలకరించడానికి ఆయన గదికి వెళ్ళాను. మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక పళ్ళెం, దాని మీద బోర్లించిన ఒక కప్పు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆ కప్పుతో నాకు నీళ్ళిచ్చారు. నేను తాగడం అయ్యేదాకా ఆగి, దాన్ని కడుక్కుని, అప్పుడు ఆయన మాత్ర వేసుకున్నారు. రెండో మనిషి వస్తారన్న లెక్కే ఆ గదిలో లేదు.

ఆరోజు కొంచెం మాట్లాడారు. ప్రెస్సులో ప్రూఫు ఒక్కరే దిద్దరట, ఇద్దరుంటారట. ఒకాయన రచయిత రాసిన ప్రతిని పైకి చదువుతాడు, కామా చుక్క అన్నీ పలుకుతూ. ఇంకొకాయన అచ్చయిన కాగితం మీద వేలు నడుపుతూ చూస్తాడు. ఇరవై ఆరేళ్ళు ఒకే మనిషి చదివితే ఈయన విన్నారు. ఆ చదివే ఆయన పోయారు, తర్వాత ప్రెస్సూ మూతపడింది. "ఇప్పుడు నేనేది చదివినా ఆయన గొంతుతోనే వినిపిస్తుందమ్మా. కామాలతో సహా," అన్నారు. నవ్వాలో వద్దో తెలియక నేను నీళ్ళు అడిగాను. మళ్ళీ కప్పు కడిగారు.

పదకొండో నెలలో గడువు గారికి ఒక ఆలోచన వచ్చింది. దారులన్నీ మనిషి నడిచి చూడటమేమిటి, కంప్యూటరే నడిచేలా ఒక ప్రోగ్రాం రాయమని నాతో అన్నారు. రాస్తే బాబాయి గారికి ఏమవుతుందని అడిగాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడానికి మనిషి దేనికి, ఈ నెలాఖరే ఆయన గడువు అన్నారు. రాయనంటే ఇంకొకరు రాస్తారు. మూడురోజులు తిండి సయించలేదు. పదిరోజుల్లో రాశాను.

నాలుగువందల పేరాలూ, ఏడువందల చిల్లర దారులూ నా ప్రోగ్రాం తొమ్మిది సెకన్లలో తిరిగొచ్చింది. తప్పులు లేవు అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపించింది. గడువు గారు ఆనందం పట్టలేక ఇంకోసారి నడిపించారు. బాబాయి గారు కూడా వచ్చి, వేళ్ళు పేజీల్లో పెట్టుకునే నిలబడి చూశారు.

"బాగా రాశారమ్మా. పాపం, ఎక్కడా తప్పిపోలేదా?" అని అడిగారు.

లేదన్నాను. మంచిదేనమ్మా అంటూ ఆయన అర గదిలోకి వెళ్ళిపోయారు. ఆరోజు సాయంత్రం దాకా మళ్ళీ రాలేదు.

తర్వాతి ఆదివారం, గదిలో ఉండబుద్ధి కాక ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నాను. ఏదో ఒకటి చేయాలి కదా అని, నేను మొట్టమొదట ఎక్కించిన అంకెల్నీ ఇప్పుడున్నవాటినీ పక్కపక్కన పెట్టి, ఎన్ని మారాయో చూపించమని కంప్యూటరును అడిగాను. నా అంచనా పదో పన్నెండో. అరవై ఒకటి వచ్చాయి. ఎదురుగా దిద్దిన తేదీలు. మొదటిది 231. నేలమాళిగ, పడవ. రెండోది మంత్రగాడు. మూడోది మెట్లు. గుర్రం, వంటమనిషి. అరవై ఒకటిలో నా అంతట నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు. ప్రతి తేదీన ఆయన పద్నాలుగు అడుగులు నడిచి వచ్చి, తనే తప్పిపోయానని చెప్పారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేను నాలుగు నెలలు తాగాను. ఆయన గిన్నె పట్టుకుని నిలబడ్డారు. ఆయన పట్టికలో ఒక్క తప్పు రాసినా అది నా పేరు మీదే రాయాలి. రాయలేదు కాబట్టే ఇప్పుడు ఆయన ఉద్యోగం పోతోంది. నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, ఖాళీ ఆఫీసులో పైకే క్షమించండి అన్నాను.

సోమవారం ఉదయం గడువు గారు చెప్పులు విప్పకముందే ఆయన గదిలో ఉన్నాను. పాత అంకెల్ని తెరిచి, వాటిమీద ప్రోగ్రాం నడిపించాను. తొమ్మిది సెకన్లు. తప్పులు లేవు, ఆకుపచ్చ అక్షరాలు.

"ఇప్పుడు మీరు ఆడండి సార్. నేలమాళిగ తలుపు తీయండి," అన్నాను.

తీశారు. పడవలో పడ్డారు. వెనక్కి వచ్చి మళ్ళీ తీశారు, మళ్ళీ నదే. ప్రోగ్రాం బాగుందన్నది కదా అన్నారు. 213 అనే పేరా ఉంది, దారి అక్కడికి వెళ్ళింది, ప్రోగ్రాముకి అంతకుమించి తెలియదు, తలుపు వెనక నది ఉండదని మనిషికే తెలుస్తుంది అని చెప్పాను.

"ఎవరు చేశారీ తప్పు?"

"నేనే సార్. ఇదొక్కటే కాదు, అరవై ఒకటి ఉన్నాయి. అన్నీ మాస్టారే పట్టుకున్నారు."

గడువు గారు కుర్చీలో కూలబడ్డారు. పదకొండుకి పంపించినతను ఆయనకీ గుర్తొచ్చి ఉంటాడు, నాకైతే ఎదురుగానే నిలబడినట్టుంది. బాబాయి గారిని పిలిపించారు. ఆయన మోచేత్తో తలుపు నెట్టుకుని వచ్చి, తెర మీద అరవై ఒకటి చూసి, మరుక్షణం మొదలుపెట్టారు. అమ్మాయి తప్పేమీ లేదని, అప్పట్లో తన కళ్ళే మసకలని.

"కళ్ళ డాక్టరు అద్దాలు అక్కర్లేదన్నాడని మీరే చెప్పారు," అన్నాను.

"ఆ డాక్టరు మీద మీకు నమ్మకం లేదన్నారు కదమ్మా."

గడువు గారు ఇద్దరివైపూ మార్చి మార్చి చూశారు. తప్పులు చేసే మనిషి ఒకరు, దాచే మనిషి ఒకరు, నడుమ అన్నీ బాగున్నాయనే ప్రోగ్రాం ఒకటి, ఇలాంటి ఆఫీసుతో నేను ఏ గడువు అందుకోవాలి అని తల పట్టుకున్నారు. ఆయన తల ఎత్తేలోపు నేను మనసులో గది ఖాళీ చేసి, పెట్టె సర్దుకుని, అక్క ఊరికి టిక్కెట్టు కూడా తీసుకున్నాను. ఆఖరికి ఆయన, వచ్చే పుస్తకంలో ఆరువందల పేరాలున్నాయని, దాన్ని నడిచి చూడటానికి ఒక మనిషి కావాలని, తప్పు చేసినప్పుడు ఒప్పుకునే మనిషి కూడా ఒకరుంటే మంచిదేనని అన్నారు. ఒకే ఒక్క షరతు, ఇకనుంచి పట్టికలో తప్పులు రాయాలి. పేర్లు వేయకుండా అయితే రాస్తానన్నారు బాబాయి గారు. నలుగురమే ఉన్న ఆఫీసులో పేరు దాస్తే ఏమిటి, వేస్తే ఏమిటి అని గడువు గారు ఒప్పేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేనే పద్నాలుగు అడుగులు నడిచి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. ఎందుకలా చేశారని అడిగాను. ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కుర్రాళ్ళకి తప్పు చూపిస్తే మొహం మాడ్చుకుని ఆ కోపంలో ఇంకో రెండు చేసేవాళ్ళట. నేనే తప్పు చదివానేమో చూడు నాయనా అంటే, నవ్వుకుంటూ దిద్దేవాళ్ళట. ఆ చదివే ఆయన నేర్పిన కిటుకట. పైగా అప్పట్లో మీకు నిద్ర ఉండేది కాదు కదమ్మా, కళ్ళు చూస్తే తెలిసేది అన్నారు.

"సరే, అరవై ఒకటి అర్థమయ్యాయి. నాలుగో నెల తర్వాత నేను ఒక్క తప్పూ చేయలేదు. తేదీలు చూశాను. మరి ఆ ఏడు నెలలూ ఎందుకు తప్పిపోయారు?"

ఆయన ఒక్కొక్క వేలే పేజీల్లోంచి తీశారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"మీరు గోడవైపు తిరిగి తింటారు కదమ్మా," అన్నారు. "ఊరికే వచ్చి పలకరిస్తే ఏం బాగుంటుంది? ఏదో ఒక పని ఉండాలి కదా. నాకా, ఇదొక్కటే వచ్చు."

"రేపటినుంచి పనేమీ లేకపోయినా రండి."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"పని లేకుండా వస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదమ్మా."

"నాకూ తెలియదు," అన్నాను.

మర్నాడు భోజనాల వేళకి ఆయన కుర్చీ మోసుకుంటూ వచ్చారు. పుస్తకం లేదు. ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తోచక ముందు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు, తర్వాత బల్ల మీద, తర్వాత కుర్చీ కింద. నేను కుర్చీ ఇటు తిప్పుకుని డబ్బా విప్పాను. ఆయనా విప్పారు. కింద షాపులో మిషను ఒకటి ఆగి ఆగి తిరుగుతోంది. సగం తిన్నాక, పరీక్షలో ఆఖరి ప్రశ్నకి జవాబు రాసేవాడి మొహం పెట్టి అడిగారు.

"అమ్మా, మీకు తోబుట్టువులున్నారా?"

ఒక అక్క ఉందండీ అని మొదలుపెట్టాను. దుప్పటి దగ్గర మొదలై, అక్క గురక, అక్క పెళ్ళి, పెళ్ళిలో నేను అలిగిన సంగతి, అందులోంచి మా బామ్మ, బామ్మ పళ్ళసెట్టు, మళ్ళీ అక్క. మధ్యలో గడువు గారు ఏదో చెప్పడానికి వచ్చి, నా వాలకం చూసి వెనక్కి వెళ్ళిపోయారు. నలభై నిమిషాలు చెప్పాను. నాకే మొదలూ చివరా తెలియని ఆ కథలో బాబాయి గారు ఒక్కసారి కూడా తప్పిపోలేదు.